మసక కంటి పరీక్ష

నవంబరు 3

మా ఆయన లారీ బుకింగ్ ఆఫీసుకి టైర్ల కంపెనీ వాళ్ళు ఇచ్చిన డైరీ ఇది. ఏడాదంతా బీరువాలో పడుకుంది. పారేయడం ఎందుకని తీశాను. నల్ల స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. ఈమధ్య వచ్చే బాల్‌పెన్నుల్లో సిరా మరీ పలచగా ఉంటోంది.

హెడ్డాఫీసు నుంచి మెయిలు వచ్చింది. మా గోనెసంచుల మిల్లు లెక్కంతా నేను చేరిన నాటి నుంచీ నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లోనే నడుస్తోంది. రైతులు తెచ్చే గోగునార కాటా దగ్గర్నుంచి లారీలకెక్కే బేళ్ళ దాకా అన్నీ ఆ తెరలోనే. కొత్తగా చేరే పిల్లలు దాన్ని చూసి బెదిరిపోతున్నారట. మార్చి లోపల బొమ్మలూ బటన్లూ ఉన్న తెరలు రావాలట.

దారులు రెండు. మా సర్వర్‌తో పాటు ఉచితంగా వచ్చిన టూలు ఒకటుంది, ఇన్నాళ్ళూ ఎవరూ ముట్టుకోలేదు. అది పాత తెరనే తీసుకుని బ్రౌజర్‌లో కొత్త బట్టలు తొడుగుతుంది. రెండోది విశాఖపట్నంలో ఒక కంపెనీ అమ్ముతున్నది. రెండూ చూసి ఏది మంచిదో నేను రిపోర్టు ఇవ్వాలి. నా కింద పనిచేసే శ్రావణి బయటిదే కావాలంటోంది. ఇంకా దాన్ని చూడనైనా లేదు!

నాకు ఏదైనా ఒకటే. నల్ల తెర ఉంచేస్తే ఇంకా మంచిది.

నవంబరు 6

చారులో ఉప్పు రెండుసార్లు పడింది. “ఏటే తాయారూ, సముద్రం ఒంపేసినావేటి?” అన్నారు ఆయన. అయినా రెండు గరిటెలు వేసుకున్నారు.

నవంబరు 9

వంటింట్లోనూ హాల్లోనూ బల్బులు మార్పించాను. పాతవాటికి వెలుతురు తగ్గిపోయింది.

“బానే ఉన్నాయి కదే,” అన్నారు ఆయన స్టూలెక్కుతూ.

“బాగులేవు కాబట్టే మార్చమంటున్నాను.”

ఇంకేమీ అనకుండా మార్చారు. కొత్తవీ అంతంతమాత్రమే. ఈ కంపెనీ బల్బులు ఇక తేకూడదు.

నవంబరు 14

ఈరోజు బయటి టూలు చూపించారు. ధనరాజ్ అని ఆ విశాఖ కంపెనీ మనిషి. చిన్నవాడే, నెమ్మదిగా మాట్లాడతాడు. మీటింగు గదిలో గోడ మీద పెద్ద తెర వేశాడు. నాకైతే సున్నం కొట్టిన గోడ మీద మధ్యాహ్నపుటెండ పడ్డట్టు ఉంది. ఆ తెలుపులో ఏవో నీడల్లాంటివి అటూ ఇటూ కదిలాయి. చుట్టూ అందరూ బాగుంది బాగుంది అంటున్నారు. నేనూ తలాడించాను.

“శ్రావణీ, వెనకున్నవాళ్ళకి వినపడేలా ఒక్కొక్కటీ చదువమ్మా,” అన్నాను.

వెనక ఉన్నది కాటా గుమస్తా ఎల్లాజీ ఒక్కడే. శ్రావణి మాత్రం పాఠం అప్పజెప్పినట్టు ఉత్సాహంగా చదివింది. లోడు నెంబరు, రైతు పేరు, నార రకం, తడి శాతం. అలా వింటుంటే నాకు అంతా అర్థమైంది.

ఆ గది కిటికీలకి పరదాలు లేవు. అందుకే అలా.

నవంబరు 15

రిపోర్టు మొదలుపెట్టాలి.

నవంబరు 19

రిపోర్టు రాసి మేనేజరు గిరిబాబు గారికి ఇచ్చాను. ‘బయటి టూలులో అక్షరాలు స్పష్టంగా లేవు. తెలుపు ఎక్కువ. కళ్ళకి శ్రమ. మెషీన్‌తో వచ్చినది మనకు సరిపోతుంది.’ నాలుగే ముక్కలు. ఉన్నమాటే.

శ్రావణి కాపీ చదివి తిన్నగా నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

“స్పష్టంగా లేవంటారేటి మేడమ్? నార రకానికో రంగు ఎట్టి సూపించాడు కదా. ఏ రకానికి ఏ రంగో సెప్పండి సూద్దాం.”

“రంగులతో పనేముందమ్మా? పని జరగాలి గానీ.”

“మీరు దాన్ని సూడనే లేదు,” అంది. అనేసి తన సీట్లోకి వెళ్ళిపోయింది.

చిన్నపిల్ల, ఆవేశం. తనకి నచ్చింది కాదన్నానని కోపం. నేను నిష్పక్షపాతంగానే రాశాను.

నవంబరు 20

నిష్పక్షపాతంగానే రాశాను.

నవంబరు 22

బొబ్బిలి కాంప్లెక్సులో రాజాం బస్సు అనుకుని సాలూరు బస్సెక్కాను. టిక్కెట్టు తీసుకునేటప్పుడు తెలిసింది. దిగి వెనక్కి నడిచాను. మిల్లుకి ఆలస్యమైంది. ఈ బోర్డులు రాసేవాళ్ళకి జీతాలెవరిస్తున్నారో!

నవంబరు 26

ఏం రాయను?

పొద్దున సాలూరు వైపు నుంచి నార లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కాటా దగ్గర రద్దీగా ఉందని, ఒక లోడు వివరం చూడమని ఎల్లాజీ ఫోను చేశాడు. నల్ల తెర తెరిచి, పనుల జాబితాలో ఏడో నెంబరు కొట్టాను. ఏళ్ళ తరబడి కొడుతున్న ఏడు. ఖాయమా అని అడుగుతుంది, ఔనని కొట్టాను. నా వేళ్ళకి అలవాటే.

పోయిన వారం శ్రావణి ఆ జాబితాలో కొత్త వరుస చేర్చింది. అప్పటి నుంచి ఏడు అంటే లోడు వివరం కాదు, రోజు ముగింపు. ఆ మార్పు చెబుతూ అందరికీ పంపిన నోటీసు మీద సంతకం నాదే. పదకొండు కాకుండానే మిల్లుకి రోజు అయిపోయింది. ఇక ఒక్క లోడు కూడా తీసుకోనంది మెషీను. లారీలు గేటు దాటి రోడ్డు మీదికి బారు కట్టాయి. నార రైతులు ఎండలో నిలబడ్డారు. బ్యాకప్ తెచ్చి మళ్ళీ తెరిచేసరికి సాయంత్రమైంది. అదంతా శ్రావణే చేసింది.

పనయ్యాక తలుపు దగ్గరగా వేసి నా పక్కన కూర్చుంది. కోపంగా లేదు.

“ఏడో నెంబరు సదవండి మేడమ్.”

“లోడు వివరం.”

“అది పాతది. ఇప్పుడు తెర మీద ఏటుందో సదవండి.”

తెరకి ముక్కు ఆనేంత దగ్గరికి వంగాను.

“ఎన్నాళ్ళ నుండి మేడమ్?”

బల్బులు అని మొదలుపెట్టాను. నా మాట నాకే నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపూ వచ్చింది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఎవరికీ చెప్పనంది. ఎవరూ అడగలేదు కూడా. మెషీను పొరపాటే అనుకున్నారు.

ఇంటికొచ్చేసరికి ఆయన గుమ్మంలో ఉన్నారు. “మీ మిల్లుకి ఏటయినాదే? మా డ్రైవర్లు ఫోన్ల మీద ఫోన్లు.”

చెప్పాను. అంతా చెప్పాను.

“నాకు తెలుసే,” అన్నారు. “బల్బులు మార్సమన్నప్పుడే అనుకున్నాను. నువ్వే సెప్తావని సూస్తన్నాను.”

ఇన్నాళ్ళూ అన్నంలో రాళ్ళు తగలకపోతే బియ్యం మంచివనుకున్నాను. నేను స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన ఏరుతున్నారట.

నవంబరు 28

విజయనగరం కళ్ళాసుపత్రి. డాక్టరమ్మ చుక్కల మందు వేసి చూసింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు, బాగా ముదిరాయి.

“తెల్లగా వెలుతురున్న వైపు చూస్తే ఏమీ కనిపించదా? నల్లటి వాటి మీద అక్షరాలైతే కాస్త నయమా?” అని అడిగింది.

నల్ల తెర అంటే నాకు ఎందుకంత ప్రాణమో ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. నేనేమో దాన్ని అనుభవం అనుకున్నాను.

ముందు కుడి కన్ను, మూడు వారాల తర్వాత ఎడమది. భయమేమీ లేదు. చిన్న ఆపరేషన్.

డిసెంబరు 3

భయమేమీ లేదు.

డిసెంబరు 8

రేపు. భయమేమీ లేదని ఆయన కూడా అన్నారు. కాఫీలో చక్కెర వేయడం మరిచిపోయారు.

డిసెంబరు 11

సన్న పెన్నుతో రాస్తున్నాను! సిరా బాగానే ఉంది.

నిన్న కట్టు విప్పారు. ముందు కనిపించింది డాక్టరమ్మ తెల్లకోటు. తెలుపు ఇంత నీలంగా ఉంటుందని మరిచేపోయాను. తర్వాత ఆయన మొహం. మీసం మొత్తం నెరిసిపోయింది. ఎప్పుడు నెరిసిందండీ అని అడిగితే, “నీకు కనపడకండా సూసి నెరిసింది,” అన్నారు.

ఇంట్లో ఫ్యాను రెక్కల మీద ఎంత దుమ్ము! వంటింటి పలకల మధ్య ఎంత జిడ్డు! మా ఇల్లు ఇదేనా? అద్దంలో నన్ను చూసుకున్నాను. పరవాలేదు, మనిషి గుర్తుపట్టేలాగే ఉంది.

ఎడమ కన్ను మాత్రం అలాగే ఉంది. దాంతో చూస్తే లోకమంతా టీ డికాషను.

డిసెంబరు 17

ఈరోజు మిల్లుకి వెళ్ళాను. ఎవరితోనూ మాట్లాడకుండా ధనరాజ్ ఇచ్చిన టూలు తెరిచాను.

బాగుంది. చాలా బాగుంది. మేలు రకం నారకి తేనె రంగు, దాని తర్వాత దానికి గోధుమ, తడి నారకి లేత నీలం, పనికిరానిదానికి బూడిద. చిన్న బేలు బొమ్మ, పక్కన సన్నని అక్షరాలు. దీన్నా నేను స్పష్టంగా లేదన్నది?

కుడి కన్ను మూసి ఎడమ దాంతో చూశాను. మళ్ళీ సున్నం గోడ. తేనె లేదు, గోధుమ లేదు. ఆ కన్ను మూసి ఈ కన్ను, ఈ కన్ను మూసి ఆ కన్ను, పిచ్చిదానిలా ఎంతసేపు అలా చేశానో. శ్రావణి వచ్చి వెనక నిలబడింది.

“నువ్వు చెప్పిందే నిజం. నేను చూడలేదు,” అన్నాను.

“పోనీలెండి మేడమ్,” అంది. తెర మీదికి వంగి, “తేనె రంగు బాగుంది కదా?” అంది.

డిసెంబరు 18

కాటా గదికి వెళ్ళి ఎల్లాజీ పక్కన కూర్చున్నాను. వచ్చే ఏడు రిటైరవుతాడు. లారీ ఎక్కితే బరువు తెర మీద పడుతుంది. తను తెర వంక సరిగా చూడకుండానే టకటకా కొడుతున్నాడు. ఆ వేళ్ళు నాకు తెలుసు.

బయటి టూలు తెరిచి ఇచ్చాను. “ఏం కనిపిస్తోంది ఎల్లాజీ?”

“అన్నీ కనిపిస్తన్నాయండి.”

“చదువు మరి.”

“ఈ కిటికీ ఎలుతురొకటి. అడ్డం వస్తాది,” అన్నాడు. “నా కళ్ళు బానే ఉన్నాయండి మేడమ్.”

నా మాటలే, కిటికీ సాకుతో సహా. ఇంక రెట్టించలేదు.

అంటే, మసక కంటితో రాసిన ఆ రిపోర్టు తప్పే గానీ, ఆ మసక కన్ను మాత్రం తప్పు చెప్పలేదు. ఈ మిల్లులో అలాంటి కళ్ళు ఇంకా ఉన్నాయి.

డిసెంబరు 19

గిరిబాబు గారి గదికి వెళ్ళాను. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగాను కూడా.

“నా రిపోర్టు వెనక్కి తీసుకుంటానండి. బయటి టూలు చూడకుండా రాశాను. చూడలేక రాశాను. ఆ రోజు లారీలు ఆగిపోయింది కూడా నా వల్లే, మెషీను వల్ల కాదు.”

గిరిబాబు గారు చేతిలో పెన్ను పక్కన పెట్టారు.

“కంప్యూటర్ సెక్షన్ ఇన్‌చార్జివి. కనపడకపోతే ఇన్నాళ్ళూ పనెలాగ సేసినావమ్మా?”

“వేళ్ళతోనండి.”

నా రిపోర్టు బయటికి తీసి మళ్ళీ మొదటి నుంచి చదివారు. సెక్షన్ చేజారిపోయిందనుకున్నాను. చివరికి, రెండో రిపోర్టు శ్రావణీ నేనూ కలిసి రాయాలన్నారు. ముందు సంతకం ఆ అమ్మాయిది, తర్వాత నాది. కొత్త తెరల పనికి పెద్ద కూడా శ్రావణే. సబబే. కొంచెం గుచ్చుకుంది గానీ సబబే.

లేచి వస్తుంటే పిలిచారు. “ఆ రెండు తెరలూ నాకూ ఓపాలి సూపించండి. ఆ రోజు మీటింగులో నానూ బాగుందనే అన్నాను.” కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. నవ్వు ఆపుకుని బయటపడ్డాను.

డిసెంబరు 23

ధనరాజ్ మళ్ళీ వచ్చాడు. నేరుగా కాటా గదికి తీసుకెళ్ళాం. నా ఎడమ కంటి సంగతి దాచలేదు. అక్షరాలు పెద్దవి కావాలి, వెనక నలుపు కావాలి, మౌసు లేకుండా పాత మీటలతోనే నడవాలి అన్నాను.

అతను లాప్‌టాప్ మీద చాలాసేపు కుస్తీ పట్టాడు. అక్షరాలు పెంచితే సగం పేజీ కిందికి జారిపోయింది. రంగులు మారిస్తే బటన్లు మాయమయ్యాయి.

“ఇది మా డిజైన్ వాళ్ళు సెయ్యాల్సిన పని మేడమ్. వచ్చే వెర్షన్‌లో వస్తాది. మార్చికి మాత్రం అవ్వదు,” అన్నాడు. అంతటితో ఆగకుండా, “అబద్ధం సెప్పి అమ్మలేను. ఈ కాటా వరకూ మీ మెషీన్‌తో వచ్చిందే నయం. దాని రంగులూ సైజులూ మీరే మార్సుకోవచ్చు,” అన్నాడు. మంచివాడు. మధ్యాహ్నం మా క్యారేజీలోంచే తిన్నాడు.

రెండు టూల్సు పెట్టడానికి హెడ్డాఫీసు ఒప్పుకోదు. ఒకటే. అయితే మెషీన్‌తో వచ్చిందే. మొదటి రిపోర్టులో రాసిన పేరే రెండో రిపోర్టులోనూ వచ్చింది. కాకపోతే ఇది చూసి రాసింది.

శ్రావణి మొహం చిన్నబోయింది. తేనె రంగు పోయిందని బాధ.

“మన టూలులో తేనె రంగు వేసుకోకూడదని ఎవరన్నారు?” అన్నాను.

డిసెంబరు 26

ఎడమ కంటి ఆపరేషన్ వచ్చే వారం. డాక్టరమ్మకి ఫోను చేసి జనవరి నెలాఖరు దాకా వాయిదా వేయమన్నాను. తెరలన్నీ ఈ కంటితో చూడకుండా దాన్ని వదులుకోలేను. మళ్ళీ ఇలాంటి కన్ను ఎక్కడ దొరుకుతుంది? పరవాలేదు, కానీ మరీ ఆలస్యం చేయొద్దంది.

ఆయన నెత్తి కొట్టుకున్నారు. “కన్ను బాగుసేయించుకోడానికి సెలవడిగినోళ్ళని సూసినాను. బాగుసేయించుకోకండా ఉండడానికి అడిగినదాన్ని నిన్నే సూస్తన్నాను.”

జనవరి 7

టైర్ల కంపెనీ కొత్త డైరీ ఇచ్చింది. ఇది మొదటి పేజీ నుంచే మొదలు.

ఆపరేషన్‌కి ఇచ్చిన ప్లాస్టిక్ కప్పు కుడి కంటికి కట్టుకుని కూర్చుంటున్నాను. శ్రావణి పక్కన మార్పులు చేస్తుంది.

“ఇది?”

“కనపళ్ళేదు.”

“ఇది?”

“రకం కనిపిస్తోంది. తడి శాతం లేదు.”

“ఉన్నాది మేడమ్.”

“నాకు లేదు.”

అంతే, మళ్ళీ మారుస్తుంది. మొదట్లో విసుక్కునేది. ఇప్పుడు నాకంటే పంతంగా ఉంది. ఆమె చెప్పినట్టు నేను చెయ్యడం కూడా అలవాటైంది. ఈమధ్య ఇంత నవ్వుతూ పనిచేసింది ఎప్పుడో గుర్తులేదు.

జనవరి 12

నలుపు మీద తేనె రంగు. ఎడమ కంటికి కనిపించింది! ఇద్దరం కేకలు పెడితే పక్క గదిలోంచి అకౌంట్సు వాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

జనవరి 21

కాటా గదిలో కొత్త తెర ఈరోజు మొదలైంది. కుడి కంటి కప్పు తీయకుండా ఎడమ కంటితోనే చూస్తూ కూర్చున్నాను. ఎల్లాజీ మొదట ముట్టుకోనన్నాడు. పాత మీటలే పనిచేస్తాయని చెప్పి చూపిస్తే కూర్చున్నాడు. అరచెయ్యంత అంకెలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క లారీ కూడా ఆగలేదు.

మేము అనుకోనిది ఇంకొకటి జరిగింది. తవిటమ్మ అని మెరకముడిదాం వైపు రైతు. ట్రాక్టరు మీద నార తెచ్చింది. ఎప్పుడూ కిటికీ బయట నిలబడి, ఎంతయినాది బాబూ ఎంతయినాది బాబూ అని అడుగుతూ ఉంటుంది. ఈరోజు అడగలేదు. కిటికీ అవతల నుంచి తనే తన బరువు పైకి చదివింది.

“నాకిక్కడికే కనిపిస్తంది బాబూ,” అంది. “ఈ పసుపచ్చ దేనికి?”

“మేలు రకం అన్నమాట,” అన్నాడు ఎల్లాజీ.

“అలాగ సెప్పు!” అని పక్కవాళ్ళని పిలిచి చూపించింది. తర్వాత వచ్చినవాళ్ళంతా కిటికీ దగ్గరికి చేరి ఎవరి బరువు వాళ్ళు చదువుకున్నారు. అక్షరాలు రానివాళ్ళకి కూడా అంకెలు వచ్చు. రంగు తెలుసు.

శ్రావణి నా భుజం మీద గడ్డం ఆనించి అలాగే చూస్తూ నిలబడింది.

జనవరి 29

ఎడమ కన్ను అయిపోయింది. ఈసారి ఆయన కాఫీలో చక్కెర వేశారు. రెండుసార్లు.

ఫిబ్రవరి 6

రెండు కళ్ళతో మిల్లుకి మొదటిసారి. మిల్లు ముందు తురాయి చెట్టుకి ఇన్ని కాయలు వేలాడుతున్నాయని తెలియదు.

కాటా గదికి వెళ్ళి కొత్త తెర చూశాను. అమ్మో! నల్లటి దాని మీద అంతంత లావు అక్షరాలు, తేనె రంగూ నీలమూ కలిసి కళ్ళలో పొడుస్తున్నాయి. పైడితల్లి పండక్కి మిఠాయి కొట్లో వేలాడదీసిన బల్బుల తోరణంలా ఉంది. ఎక్కడా ఖాళీ లేదు, పొందిక లేదు. ఇదా మేము ఇన్నాళ్ళు కష్టపడి చేసింది?

“శ్రావణీ, ఇంత మోటుగా ఉందేమిటమ్మా? నాకు చెప్పలేదేం?”

“మీ కంటికే కదా సేసినాం మేడమ్,” అని పడీ పడీ నవ్వింది. “మొదటి రోజు నుండీ ఇలాగే ఉన్నాది. మీరు బాగుంది బాగుంది అంటంటే నానేటనేది?”

“జరుగు. అక్షరాలు కాస్త తగ్గించి, ఆ పసుపు కొంచెం తేలిక చేస్తాను. పావుగంట పని.”

కీబోర్డు మీద చెయ్యి వేయబోయాను. ఎల్లాజీ తన చెయ్యి అడ్డం పెట్టాడు. ఇన్నేళ్ళలో నా మాటకి అడ్డు చెప్పిన మనిషి కాడు.

“ముట్టుకోకండి మేడమ్. మీ కళ్ళు బాగయ్యాయి గానీ నా కళ్ళు బాగవ్వలేదు.”

అని నాలుక కరుచుకున్నాడు. శ్రావణి నవ్వు ఆపేసింది.

“డాక్టరమ్మ మంచిది ఎల్లాజీ,” అన్నాను. “నేనూ వస్తాను తోడు.”

“ఈ నార సీజను కానియ్యండి,” అన్నాడు తల వంచుకుని.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. బయట ఒక లారీ కాటా ఎక్కింది. ఎల్లాజీ కుర్చీలో వెనక్కి వాలి, కూర్చున్నచోటి నుంచే తెర మీద బరువు పైకి చదివాడు. కిటికీ అవతల రైతు ఔనన్నాడు.